ఎక్స్‌పీరియన్స్ లేనివాళ్లు రెజ్యూమేలో ఏం రాయాలి?

ఈ ఎపిసోడ్‌లో రెజ్యూమే గురించి మాట్లాడుకుందాం. ముఖ్యంగా ఇప్పుడే డిగ్రీ అయిపోయి, "ఎక్స్‌పీరియన్స్ ఏం లేదు కదా, ఏం రాయాలి?" అని ఆగిపోయినవాళ్ల కోసం.

నేను చూసే రెజ్యూమేలు చాలావరకు ఒకేలా ఉంటాయి. పైన కెరీర్ ఆబ్జెక్టివ్ అని మూడు లైన్లు, సంస్థ ఎదుగుదలకి తోడ్పడతాను అంటూ. కింద తండ్రి పేరు, పెళ్లయిందా లేదా, హాబీలు. చివర్లో పై వివరాలన్నీ నిజమని డిక్లరేషన్. గవర్నమెంట్ అప్లికేషన్లు నింపీ నింపీ మనకి అలవాటైపోయింది. ప్రైవేట్ ఉద్యోగానికి ఇవి దాదాపు అక్కర్లేదు. కొంతమంది ఆధార్ నంబర్ కూడా పెట్టేస్తున్నారు. దయచేసి వద్దు, ఆ ఫైల్ ఎవరెవరి ఫోన్లోకి వెళ్తుందో మీకు తెలీదు. ఇవన్నీ తీసేస్తే సగం పేజీ ఖాళీ అవుతుంది. అక్కడ మీరు చేసిన పని రాయాలి.

పని అంటే ఉద్యోగమే కానక్కర్లేదు. బీకాం చదువుతూ బాబాయి గారి హార్డ్‌వేర్ షాపులో ఏడాది లెక్కలు చూసిన అబ్బాయి ఉన్నాడనుకోండి. మామూలుగా ఏం రాస్తాడు? "ట్యాలీ, ఎక్సెల్ వచ్చు." వచ్చు అంటే ఎంత వచ్చు? దాని బదులు ఇలా రాయొచ్చు: "హార్డ్‌వేర్ షాపులో ఏడాదిపాటు రోజూ సుమారు 40 బిల్లులు ట్యాలీలో ఎంట్రీ చేశాను. ప్రతి నెలా 11వ తేదీలోపు వేయాల్సిన జీఎస్టీఆర్-1 కోసం అమ్మకాల లెక్క తయారుచేసి ఆడిటర్‌కి ఇచ్చాను." ఇది చదివినవాళ్లకి, ఇతనికి అఆల నుంచి నేర్పక్కర్లేదని అర్థమవుతుంది. ఇంటర్వ్యూలో ప్రశ్నలూ దీని మీదే వస్తాయి, చేసిన పనే కాబట్టి చెప్పగలడు. అంకె మాత్రం నిజమైనదే వేయాలి.

ఇక్కడే కొంతమంది ఇంకో దారి చూపిస్తారు. డబ్బు కడితే రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ లెటరు, పే స్లిప్పులు అన్నీ ఇస్తామంటారు. ఇంట్లోవాళ్లు అప్పుచేసి మరీ కడుతుంటారు. కానీ పీఎఫ్ ఉన్న ఉద్యోగమైతే, ఏ కంపెనీలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో యూఏఎన్ సర్వీస్ హిస్టరీలో కనిపిస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో చాలా కంపెనీలు దాన్నే అడుగుతాయి. చేరిన ఆరు నెలలకి బయటపడినా తీసేయొచ్చు. అప్పుడు నిజంగా పనిచేసిన ఆ ఆరు నెలలు కూడా తర్వాతి కంపెనీలో చెప్పుకోవడానికి ఇబ్బందే. అప్పు అలాగే ఉంటుంది.

ఇక డిజైన్ సంగతి. ఫ్రెషర్‌కి ఒక్క పేజీ చాలు. రెండు కాలమ్స్, స్కిల్స్‌కి స్టార్లు ఉండే టెంప్లేట్లు చూడ్డానికి బాగుంటాయి గానీ, పెద్ద కంపెనీల్లో రెజ్యూమేని ముందు సాఫ్ట్‌వేర్ చదువుతుంది, దానికి అవి గజిబిజి అవ్వొచ్చు. ఫోన్లోనే చెక్ చేయొచ్చు: పీడీఎఫ్‌లో మొత్తం టెక్స్ట్ కాపీ చేసి, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. లైన్లు అటూ ఇటూ అయ్యాయంటే సింపుల్ టెంప్లేట్‌కి మార్చేయండి.

ఫైల్‌కి "ఫైనల్ కొత్తది 2" అని కాకుండా మీ పేరు, ఉద్యోగం పేరు పెట్టండి. హెచ్‌ఆర్‌కి స్క్రీన్‌షాట్ కాదు, డాక్యుమెంట్‌గా పంపండి. అన్నట్టు, అందులో ఇచ్చిన ఫోన్ నంబర్‌కి రీఛార్జ్ ఉందో లేదో కూడా చూసుకోండి.