పాత మదర్‌బోర్డులో వచ్చిపోయే లోపం: అన్వేషణ విధానం

పూర్తిగా చచ్చిపోయిన మదర్‌బోర్డు కంటే, ఒకరోజు పనిచేసి మరునాడు మొండికేసే బోర్డు ఎక్కువ చికాకు పెడుతుంది. మనం మీటరు చేతిలోకి తీసుకునేసరికి లోపం మాయమవుతుంది. 1990 ప్రాంతపు 386, 486 బోర్డులను ఉదాహరణగా తీసుకుని ఈ సమస్యను పరిశీలిద్దాం.

మొదట విద్యుత్ సరఫరా. ఏటీ రకం సరఫరా నుంచి పి8, పి9 అనే రెండు కనెక్టర్లు వస్తాయి. రెండింటి నల్లతీగలూ మధ్యలో పక్కపక్కన ఉండేలా అమర్చాలి. తారుమారైతే బోర్డు కాలిపోవచ్చు. బోర్డు పనిచేస్తుండగా 5 వోల్టుల తీగపై విలువ 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. లోడు లేకుండా కొలిచిన విలువను నమ్మకండి.

సరఫరా బాగుంటే బ్యాటరీ వైపు చూడండి. నా దృష్టిలో అసలు అనుమానితుడు అదే. గడియారాన్ని, సెటప్ వివరాలను నిలిపి ఉంచడానికి ఈ బోర్డుల్లో చాలావాటిపై పీపా ఆకారంలో 3.6 వోల్టుల నికెల్-కాడ్మియం బ్యాటరీ ఉంటుంది. సాధారణంగా కీబోర్డు సాకెట్ దగ్గరే. ఏళ్లు గడిచాక అది కారుతుంది. దానిలోని పొటాషియం హైడ్రాక్సైడ్ క్షారం. అది బోర్డుపై పాకి రాగి గీతలను తినేస్తుంది. పచ్చగానో నీలంగానో పేరుకున్న పొడి దాని గుర్తు. గీత పూర్తిగా తెగితే లోపం స్థిరంగా ఉంటుంది. వెంట్రుకవాసి అతుక్కుని మిగిలితే మాత్రం, బోర్డు వేడెక్కి వ్యాకోచించినప్పుడు విడిపోతుంది, చల్లారాక కలుస్తుంది. "గంట పనిచేసి ఆగిపోతోంది" అనే ఫిర్యాదుకు ఇది ఒక ముఖ్య కారణం. కీబోర్డు కంట్రోలర్ చిప్ ఆ పక్కనే ఉంటే దాని సాకెట్ కాళ్లూ దెబ్బతింటాయి. ఏఎంఐ బయాస్ ఉన్న బోర్డు ఆరుసార్లు బీప్ అంటే ముందుగా అక్కడే వెతకండి.

బ్యాటరీని తీసేయండి. దానిలో విషపూరితమైన కాడ్మియం ఉంది కాబట్టి చెత్తబుట్టలో వేయకండి. చేతి తొడుగులు, కళ్లద్దాలు ధరించి, పాత టూత్‌బ్రష్‌తో తెల్ల వెనిగర్ రాయండి; ఆ బలహీన ఆమ్లం క్షారాన్ని తటస్థీకరిస్తుంది. తరువాత స్వేదనజలంతో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. ఇప్పుడు కరెంటు లేకుండానే, దెబ్బతిన్న ప్రతి గీత రెండు చివరల మధ్యా మల్టీమీటరుతో కొనసాగింపును పరీక్షించండి. బోర్డును వేలితో మెల్లగా నొక్కుతూ చూడండి. బీప్ తడబడితే దొరికినట్లే. అక్కడ సన్నని ఎనామిల్ తీగను సోల్డర్ చేయాలి.

మెమరీ సంగతి త్వరగా తేలుతుంది. 30 పిన్నుల సిమ్ ఒక్కొక్కటి 8 బిట్లు అందిస్తుంది. 32 బిట్ల 486కు నాలుగు కలిసి ఒక జట్టు. ఒకసారికి ఒక్కటే మార్చండి, రెండు మారిస్తే దోషం దేనిదో తెలియదు.

కొత్త బ్యాటరీ విషయంలో తొందర వద్దు. పాత బ్యాటరీని బోర్డే చార్జి చేసేది. ఆ చోట 3 వోల్టుల లిథియం నాణెపు సెల్‌ను నేరుగా అతికిస్తే, దానికీ చార్జి ప్రవహించి సెల్ ఉబ్బవచ్చు, పగలవచ్చు. బయటి బ్యాటరీ కోసం బోర్డుపై నాలుగు పిన్నుల అమరిక ఉంటే దాన్ని వాడండి. లేకుంటే, చార్జి సెల్‌లోకి వెళ్లకుండా ఒక డయోడ్‌ను శ్రేణిలో కలపండి. ఆపై బోర్డును మూడు నాలుగు గంటలు నడిపి, రాత్రంతా ఆపి, మర్నాడు చల్లగా ఉండగానే మళ్లీ ఆన్ చేసి చూడండి.