కంప్యూటరు పెట్టె మేల్కొననప్పుడు



వంటయింట మిక్సీ ఆగిపోయినచో మనము బెదరము. ప్లగ్గును తీసి మఱియొక సాకెట్టులో పెట్టి చూతుము. యంత్రము అడుగున ఉన్న చిన్న ఎఱ్ఱ మీటను నొక్కుదుము. అప్పటికిని కదలకున్నచో బాగుచేయువానికి కబురు పంపుదుము. మిక్సీ విషయమున ఇంత తెలివి గల ఇల్లాలే, ముందుగదిలోని బల్లమీది కంప్యూటరు వెలుగనంతనే చేతులు కట్టుకొని, "నాన్నగారు వచ్చువఱకు దానిని ముట్టుకొనకుడు" అని పిల్లలను కసరుచుండును. రెండును గోడనుండి వచ్చు 230 వోల్టుల కరెంటుతో నడచునవే కదా! ఒకదానియందు ధైర్యము, వేఱొకదానియందు భయము ఏల?

ఒడిలో పెట్టుకొను కంప్యూటర్లును, చేతి ఫోనులును వచ్చిన పిదప బల్లమీది కంప్యూటర్లు తగ్గిన మాట నిజమే. ఐనను ఉపాధ్యాయుల ఇండ్లలోను, పొదుపు సంఘముల పద్దులు వ్రాయు స్త్రీల ఇండ్లలోను అవి ఇంకను పని చేయుచునే ఉన్నవి. అట్టి యంత్రము ఒకనాటి ఉదయమున మేల్కొననిచో, దాని సంగతి తెలియమి వలన పోవునది డబ్బొక్కటే కాదు. ఆ పెట్టెలో ఏండ్ల తరబడి దాచుకొన్న లెక్కలును, చిత్తరువులును, పిల్లల వ్రాతలును గూడ పోవచ్చును.

మొట్టమొదట తెలిసికొనవలసినది ఏమనగా, యంత్రము మేల్కొనకపోవుట వేఱు, మేల్కొనియు ముఖము చూపకపోవుట వేఱు. మీట నొక్కినపుడు పెట్టెలోని ఫ్యాను తిరుగుచున్నదా? ముందరి చిన్న దీపము వెలుగుచున్నదా? ఈ రెండును జరిగి తెర మాత్రము నల్లగా ఉన్నచో కరెంటు పెట్టెలోనికి వచ్చుచునే ఉన్నది; దోషము తెర వైపునో, లోపలి మఱియొక భాగముననో వెదకవలెను. తెరకు వేఱుగా స్విచ్చియు, వేఱుగా తీగయు ఉండునన్న మాట పలువురు మఱతురు. (ఈ పెట్టెను మనవారందఱును సీపీయూ అందురు. నిజమునకు సీపీయూ అనునది లోపల నున్న అరచేతికన్న చిన్నదైన బిళ్ళ మాత్రమే. ఇల్లంతటిని పొయ్యి అని పిలిచినట్లున్నది ఈ వాడుక. కాని దుకాణములోను అదే మాట చెల్లుచున్నది గావున దానితో తగవు పడ నక్కఱలేదు.)

ఫ్యాను లేదు, దీపము లేదు, చప్పుడు లేదు అనుకొందము. మా తండ్రిగారు నాకు తర్కసంగ్రహము చెప్పునపుడు కొండమీది పొగను, వంటయింటి నిప్పును, నిప్పు లేని మడుగును పలుమాఱు వల్లె వేయించిరి. ఒకటి ఉన్నచోట రెండవది ఉండుట అన్వయము. ఒకటి లేనిచోట రెండవదియు లేకుండుట వ్యతిరేకము. ఆ పాఠము నాకు కావ్యములకన్న యంత్రములయందే ఎక్కువగా అక్కఱకు వచ్చినది. ఒక్కసారి ఒక్క వస్తువును మాత్రమే మార్చి ఫలితమును చూడవలెను. ఒక్కుమ్మడిగా మూడింటిని మార్చినచో, యంత్రము నడచినను దోషమెందున్నదో తెలియదు. మఱునాడు మరల నిలిచిపోయిన మొదటికే వత్తుము.

కావున గోడనుండి బయలుదేఱి, కరెంటు నడచు దారివెంట మనమును నడువవలెను. ఆ సాకెట్టులో బల్లదీపమును పెట్టి వెలుగునేమో చూడుడు. కొందఱు టెస్టరును గ్రుచ్చి, అది మినుకుమినుకుమనగానే కరెంటున్నదని తృప్తి పడుదురు. అది చాలదు. టెస్టరు ఫేజు తీగను మాత్రమే చూపును. తిరిగి పోవు న్యూట్రలు తీగ ఊడియున్నను అది వెలుగుచునే యుండును. దీపము వెలుగవలెనన్న రెండును ఉండవలెను. ప్లగ్గు చుట్టు నల్లబడినను, మాడిన వాసన వచ్చినను అచ్చటనే ఆగి, మెయిను ఆపి, విద్యుత్తు పనివానిని పిలువవలెను. ఆ సాకెట్టుతో ప్రయోగములు వలదు.

తరువాతిది పెట్టె వెనుక గ్రుచ్చు నల్లని తీగ. ఇచ్చట నొక సులువున్నది. అనేక మానిటర్లకును ఈ పెట్టెకును ఒకే రూపు గల తీగ ఉండును. తెర వెలుగుచున్నచో దాని తీగను తెచ్చి పెట్టెకు పెట్టి చూడవచ్చును. అన్వయ వ్యతిరేకములు రెండును కానీ ఖర్చు లేక అప్పటికప్పుడే తేలును. పెట్టె వెనుక, తీగ ప్రక్కనే, గీతయు సున్నయు గల చిన్న స్విచ్చి ఒకటి పెక్కింటికి ఉండును. తుడుచునపుడు చేయి తగిలి అది సున్న వైపునకు ఒఱగుట కలదు. గీత వైపునకు నొక్కవలెను. పాత పెట్టెలలో దానికి తోడు 115, 230 అని రెండు అంకెలు గల ఎఱ్ఱని జారుడు మీట ఉండును. దానిని 115 వద్దకు జరిపి మన కరెంటు నిచ్చినచో ఢమ్మని లోపలి భాగము కాలిపోవును. చిన్నపిల్లల కంటికి ఆ ఎఱుపు ఇంపుగా ఉండును గావున ముందే దానిపై అంటుపట్టీ వేయుట మేలు.

గోడకును పెట్టెకును నడుమ యు.పి.యస్. ఉన్నచో దానిని నమ్మవలదు. ఇంటి కంప్యూటర్ల జబ్బులలో పేరు పెట్టె దైనను పాపము దీనిదైన సందర్భములు పెక్కు. దాని కడుపులో 12 వోల్టుల సీసపు బ్యాటరీ ఉండును. అది రెండు మూడేండ్లకు బలహీనమగుట సహజము. బ్యాటరీ పూర్తిగా చచ్చినపుడు, గోడలో కరెంటు నిండుగా ఉన్నను, కొన్ని యు.పి.యస్.లు మేల్కొననే మేల్కొనవు. మఱికొన్ని కీచుమని ఆరిపోవును. లేజరు ప్రింటరును గూడ దానికే తగిలించినచో బరువు మోయలేక ఆగిపోవును.

మా వీధిలో పొదుపు సంఘము పద్దులు వ్రాయు సోదరి ఒకతె కలదు. పండ్రెండుగురు స్త్రీల అప్పులును, వాయిదాలును, రెండేండ్లవి, ఆమె కంప్యూటరులో ఉండెను. బ్యాంకునకు లెక్క చూపవలసిన వారముననే అది చల్లబడెను. ఆమె మఱది పెట్టెను ఒక దుకాణమునకు మోసికొని పోగా, వారు దానిని చూచి చూడకయే, "మదరు బోర్డు పోయినది, డిస్కును పోయియుండును, దీనిని ఇచ్చివేసి క్రొత్తది తీసికొనుడు" అనిరి. పాతదానికి ఎనిమిది వందలు తగ్గింతుమనియు చెప్పిరి. ఆమె రాత్రి ఏడ్పు మొగముతో మా ఇంటికి వచ్చినది. సంఘములోని ఒక ముసలమ్మ తన వాయిదాలన్నియు చెల్లించితిననుచుండెను. కాగితముపై ఆ లెక్క లేదు. కంప్యూటరులో మాత్రమే ఉన్నది. దుకాణమునుండి పెట్టెను మరల తెప్పించితిమి. యు.పి.యస్.ను తప్పించి, నేరుగా గోడకు పెట్టి మీట నొక్కగా ఫ్యాను గిఱ్ఱున తిరిగినది. ముసలమ్మ మాట అక్షరాల నిజమని ఆ రాత్రియే తేలినది. దుకాణమువారు అబద్ధమాడిరో, చూడక చెప్పిరో నేనెఱుగను. చూడక చెప్పుటయు చిన్న నేరము కాదు.

గోడకు నేరుగా పెట్టినను కదలనిచో, పెట్టెకు తగిలించిన వన్నియు ఊడదీయుడు: ప్రింటరు, పెన్‌డ్రైవు, కెమెరా, తుదకు మౌసును గూడ. యు.ఎస్.బి. గూటిలోని రేకు వంగి ఒకదానికొకటి తగిలినను యంత్రము తన్ను తాను కాపాడుకొనుటకై మేల్కొనకుండుట కలదు. పిదప కరెంటు తీగను తీసివేసి, ముందరి మీటను ముప్పది సెకనులు నొక్కిపట్టి, మరల తీగ పెట్టి చూడుడు. లోపల నిలిచిపోయిన కరెంటు దీనితో కాఱిపోవును. ఒక్కొక్కప్పుడు ఇంతమాత్రముననే మేల్కొనును.

ముందరి మీటను గూర్చి ఒక్క మాట. 1995లో ఇంటెల్ సంస్థ ఏటీఎక్స్ అను పద్ధతిని తెచ్చినది. అంతకు ముందు వాడుకలోనున్న పెట్టెలలో ఆ మీట నిజముగా కరెంటును తెంపి కలుపు స్విచ్చియే. ఏటీఎక్స్ పెట్టెలలో అది తలుపు తట్టు చేయి వంటిది. లోపలివానికి కబురు మాత్రము చెప్పును. కంప్యూటరు ఆపినను, తీగ గోడకుండి వెనుక స్విచ్చి వేసియున్నంతవఱకు 5 వోల్టుల కరెంటు లోపల కావలి కాయుచునే ఉండును. కావున పెట్టెను తెఱచుటకు ముందు తీగను పూర్తిగా ఊడదీయవలెను. "ఆపితిని గదా" అన్న మాట చాలదు. ఆ మీటయే అరిగి కబురు చెప్పలేకపోవుటయు ఉన్నది. నొక్కినపుడు టక్కుమనక మెత్తగా దిగినచో ఆ మాట బాగుచేయువానికి చెప్పుడు. అది స్వల్పమైన పని.

ప్రక్క రేకును తీసి చూచు ధైర్యము గలవారు, చేతులు పొడిగా తుడుచుకొని, పెట్టె ఇనుమును ఒకసారి తాకి చూడవచ్చును. దుమ్ము గడ్డకట్టి ఉండును. బల్లి చచ్చి ఉండుటయు, చీమలు గూడు కట్టి ఉండుటయు మన దేశమున వింత కాదు. బోర్డుమీద చిన్న డబ్బాల వంటి కెపాసిటర్లుండును. వాని నెత్తి ఉబ్బినను, గోధుమవన్నె జిగురు కాఱినను బోర్డునకు వైద్యము కావలెను. 2000 ప్రాంతపు బోర్డులలో పెక్కింటికి ఈ ఉబ్బు జబ్బు వచ్చియుండెను. పెద్ద తెల్లని ప్లగ్గు, ఇరువదినాలుగు తీగలది, వదులైనచో అదిమి పెట్టుడు. నాణెము వంటి బ్యాటరీ కనబడును. దానిపై 2032 అని ఉండును. ఇరువది మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందము అని దాని అర్థము. యంత్రము మేల్కొననప్పుడెల్ల దీనిని నిందించు అలవాటొకటి కలదు. అది పోయిన సాధారణముగా గడియారము తప్పును, తేదీ మఱచును. యంత్రము చచ్చుట అరుదు.

కాని ఒకదానిని మాత్రము తెఱవకుడు. వెనుక మూలను ఫ్యానుతో కూడిన ఇనుప డబ్బా ఉండును. దానిని ఎస్.ఎం.పి.ఎస్. అందురు. గోడ కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా మార్చునది అదియే. దాని గర్భమున ఇంచుమించు 325 వోల్టుల కరెంటు నిలిచి, తీగ తీసిన పిదపను కొంత కాలము ఉండవచ్చును. ప్రాణమునకు ముప్పు. ఇంటి పురుషులు తెఱవబోయినను వారింపవలెను. అది చెడినచో మొత్తము డబ్బానే మార్తురు. మీట నొక్కగా ఫ్యాను ఒక్క చుట్టు తిరిగి ఆగినచో ఆ డబ్బాయైనను, లోపల నెచ్చటనో తీగలు కలిసికొనుటయైనను కారణము కావచ్చును. అచ్చటితో మన పని ముగిసినది.

బాగుచేయువాడు వచ్చినపుడు "పనిచేయుట లేదు" అని చెప్పవలదు. గోడ సాకెట్టు మంచిది, తీగ మార్చి చూచితిమి, యు.పి.యస్. తప్పించితిమి, ఫ్యాను ఇట్లు చేసినది అని వరుసగా చెప్పినచో అతడు వేఱొక విధముగా మాటలాడును.

పెట్టెను దుకాణమునకు ఇచ్చునప్పుడును, మార్పునకు ఇచ్చునప్పుడును ముందు డిస్కును అడిగి తీసికొనుడు. కరెంటు డబ్బాయో, బోర్డో చెడినంతమాత్రమున డిస్కులోని వ్రాతలు చెరగవు. చిన్న అడాప్టరు సాయమున వేఱొక కంప్యూటరులో దానిని చదువవచ్చును. ఇటీవలి విండోస్ యంత్రములలో కొన్ని డిస్కును తమంతట తామే తాళము వేసికొనును. అప్పుడు 48 అంకెల తాళపుచెవి సంఖ్య లేనిదే వేఱొక యంత్రమున తెఱచుకొనదు. యంత్రము బాగున్న నాడే ఆ సంఖ్యను వెదకి, పాలవాని లెక్క వ్రాయు పుస్తకపు కడపటి పుటలో వ్రాసియుంచుకొనుడు.