రక్తనాళంలో దూరే మోటరు

వెల్గటూర్ పక్కనే గోదావరి ఉన్నా, ఒడ్డుకు దూరంగా ఉన్న చెలకలకు బోరే దిక్కు. బోరు వేయించిన రైతుకు మోటరు లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు. కేసింగు సన్నగా ఉంటే మోటరూ సన్నగానే ఉండాలి. సన్నటి పంపులో ఒక్క రెక్కల చక్రం నీళ్లను అంత ఎత్తుకు లేపలేదు. అందుకే పది, పదిహేను స్టేజీలు ఒకదాని మీద ఒకటి పేర్చి, పంపును పొడవుగా చేస్తారు. మోటరు రాత్రింబగళ్లు నీళ్లలోనే మునిగి ఉంటుంది. కానీ బోరులోని ఇసుక దాని లోపలికి పోకుండా సీలు కాపాడుతుంది. సీలు పోతే మోటరు పోయినట్టే.

ఇలాంటి పంపునే తొడ దగ్గరి ధమని (గుండె నుంచి రక్తం తెచ్చే నాళం) గుండా గుండె లోపలికి పంపే వైద్యం ఒకటి ఉంది. దాన్ని తయారు చేయడంలో రక్తాన్ని తోయడం తేలికైన భాగం. తోసేటప్పుడు రక్తాన్ని పాడుచేయకుండా ఉండటమే కష్టం.

ఈ ఆలోచనకు మూలం కూడా సేద్యమే. 1976లో రిచర్డ్ వాంప్లర్ అనే అమెరికన్ డాక్టరు వైద్య సేవ కోసం ఈజిప్టు వెళ్లారు. అక్కడి రైతులు ఆర్కిమెడిస్ మర (గొట్టంలో తిరిగే పెద్ద స్క్రూ) తిప్పి కాలువ నీళ్లను పొలానికి ఎక్కించడం చూశారు. దాన్నే బాగా చిన్నది చేస్తే రక్తాన్ని తోయలేదా అన్న ప్రశ్న ఆయనకు అక్కడే తట్టింది. 1988లో హ్యూస్టన్‌లోని టెక్సస్ హార్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో డాక్టర్ ఓ.హెచ్. ఫ్రేజియర్ ఆ ‘హీమోపంప్’ను మొదటిసారి మనిషికి అమర్చారు. దాని మందం 7 మిల్లీమీటర్లు, వేగం నిమిషానికి సుమారు 25,000 చుట్లు. మోటరు ఒంటి బయటే ఉండేది. లోపలి రెక్కను పొడవాటి సన్నటి కేబుల్ తిప్పేది. ఆ కేబుల్ తెగడం పెద్ద తలనొప్పి అయింది. 1990లలో జర్మనీలోని ఆహెన్ ఇంజినీర్లు మోటరునే కుదించి రెక్క వెనకాల పెట్టేశారు. ఇప్పుడు ఆసుపత్రుల్లో వాడుతున్న ‘ఇంపెల్లా’ అలా వచ్చింది.

ఇది ఎవరికి? పెద్ద గుండెపోటు తర్వాత కొందరికి కార్డియోజెనిక్ షాక్ (గుండె ఒంటికి చాలినంత రక్తం తోయలేని స్థితి) వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న గుండె విశ్రాంతిలో నిమిషానికి దాదాపు 5 లీటర్లు తోస్తుంది. షాక్‌లో అది పడిపోతుంది, మూత్రపిండాలు మూలుగుతాయి, మెదడు మందగిస్తుంది. పంపును తొడ నుంచి బృహద్ధమని (గుండె నుంచి బయలుదేరే పెద్ద నాళం) మీదుగా ఎడమ జఠరిక (రక్తాన్ని ఒంటికి తోసే గది) లోకి దింపుతారు. గదిలో ఉన్న మూతి రక్తాన్ని పీలుస్తుంది, కవాటం (గదికీ బృహద్ధమనికీ మధ్య తలుపు) దాటాక ఉన్న కిటికీ దాన్ని బృహద్ధమనిలోకి వదులుతుంది. ఎక్కువ మందికి కొన్ని గంటల నుంచి కొన్ని రోజులే. గుండె కోలుకునే దాకా బరువు ఇది మోస్తుంది.

ఇక్కడ బోరు లెక్క పనిచేయదు. స్టేజీలు పేరిస్తే పంపు పొడవవుతుంది, బిరుసవుతుంది. అలాంటిది బృహద్ధమని వంపు తిరగలేదు. కాబట్టి మిగిలింది ఒకటే దారి, వేగం. మన బోరు మోటరు నిమిషానికి 2,800 చుట్ల దగ్గర తిరుగుతుంది. ఇంపెల్లాలో 7 మిల్లీమీటర్ల రకం 33,000 చుట్లు తిరిగి నిమిషానికి 5 లీటర్లు తోస్తుంది. కానీ దాన్ని పెట్టాలంటే శస్త్రచికిత్స చేసి నాళాన్ని బయటికి తీయాలి. సూది రంధ్రం గుండా వెళ్లే రకం మందం 5 మిల్లీమీటర్ల లోపే. అది 46,000 చుట్లు తిరిగినా మూడున్నర లీటర్ల దగ్గరే ఉంటుంది. సన్నబడిన ప్రతిసారీ వేగం పెంచాలి. ఆ వేగానికి రెక్క అంచు సెకనుకు దాదాపు 10 మీటర్లు కదులుతుంది.

నీళ్లయితే ఎంత వేగమైనా భరిస్తాయి. రక్తం భరించదు. ఎర్ర రక్తకణం వెడల్పు 8 మైక్రాన్ల లోపు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మెత్తగా వంగుతుంది, సన్నటి కేశనాళికల్లో మడతపడి దూరుతుంది. కానీ వేగంగా తిరిగే రెక్కకీ కదలని గోడకీ మధ్య సందులో పడినప్పుడు దానికి ఒక వైపు లాగుడు ఎక్కువ, మరో వైపు తక్కువ. దీన్ని షియర్ ఒత్తిడి (పొరలు ఒకదాని మీద ఒకటి జారేటప్పుడు పుట్టే లాగుడు) అంటారు. లాగుడు హద్దు దాటితే పొర చిరిగి లోపలి హీమోగ్లోబిన్ బయటికి కారుతుంది. అది వడపోతకు వచ్చినప్పుడు మూత్రపిండాలు దెబ్బతింటాయి. మూత్రం కోలా రంగులోకి తిరగడం ఐసీయూ నర్సు మొదట పట్టుకునే గుర్తుల్లో ఒకటి.

లాగుడు ఎంత అన్నదే కాదు, ఎంతసేపు అన్నదీ ముఖ్యమే. సెకనులో చిన్న భాగంలో దాటిపోయే కణం పెద్ద లాగుడును కూడా తట్టుకుంటుంది. అందుకే డిజైనర్లు రక్తాన్ని ఆ సందుల్లోంచి వీలైనంత త్వరగా దాటించాలని చూస్తారు. సందు మరీ పెంచితే రక్తం వెనక్కి జారిపోతుంది, పంపు బలం తగ్గుతుంది. మరీ తగ్గిస్తే లాగుడు పెరుగుతుంది.

ఎర్ర కణం పగలక ముందే మరొకటి దెబ్బతింటుంది. వాన్ విల్లీబ్రాండ్ ఫ్యాక్టర్ (గాయం దగ్గర ప్లేట్‌లెట్లను అంటించే పొడవాటి ప్రొటీన్) ఈ లాగుడుకు సాగి, ముక్కలవుతుంది. దాంతో రోగికి రక్తస్రావం ఎక్కువవుతుంది. అలాగని రక్తాన్ని నెమ్మదిగా పోనిచ్చినా ముప్పే. బేరింగు పక్కన, రెక్క వెనక, రక్తం నిలిచే ప్రతి మూలా గడ్డకు చోటు. గడ్డ ఊడి మెదడు వైపు వెళితే పక్షవాతం. అది రాకుండా రక్తం గడ్డకట్టనివ్వని మందు ఇస్తారు, దానితో రక్తస్రావం ముప్పు ఇంకాస్త పెరుగుతుంది. ఒక చివర నొక్కితే మరో చివర లేస్తుంది.

సీలు సంగతికి వద్దాం. ఇంపెల్లాలో మోటరులోకి రక్తం రాకుండా గ్లూకోజు నీళ్లను రక్తపోటు కంటే ఎక్కువ ఒత్తిడితో లోపలి నుంచి బయటికి చుక్కచుక్కగా తోస్తూనే ఉంటారు. గంటకు కొన్ని మిల్లీలీటర్లే. ఆ ధార ఆగితే మోటరులో రక్తం చేరి బిగుసుకుంటుంది. నాకైతే మొత్తం డిజైనులో అన్నిటికంటే తెలివైన పని ఇదే అనిపిస్తుంది.

ప్రయోగశాలలో ముందు కంప్యూటరు మీద ప్రవాహం లెక్కిస్తారు. తర్వాత రక్తమంత చిక్కగా ఉండే గ్లిసరిన్ నీళ్లతో తిప్పి చూస్తారు. ఆపైన పశువుల రక్తంతో గంటల తరబడి తిప్పి ఎంత హీమోగ్లోబిన్ కారిందో కొలుస్తారు. జంతువుల మీద పరీక్షలు ఆ తర్వాతే.

ఇంత జాగ్రత్తకు ఫలితం ఏమిటి? డెన్మార్క్, జర్మనీ, బ్రిటన్ ఆసుపత్రుల్లో జరిగిన ‘డేంజర్ షాక్’ పరిశోధన 2024లో వెలువడింది. 355 మంది వివరాలు చూస్తే, పంపు పెట్టినవారిలో ఆరు నెలల్లో 45.8 శాతం, పెట్టనివారిలో 58.5 శాతం చనిపోయారు. ఇది చిన్న తేడా కాదు. కానీ తీవ్రమైన రక్తస్రావం, కాలికి రక్తం అందకపోవడం, కణాలు పగలడం వంటి ఇబ్బందులు పంపు పెట్టినవారిలో 24 శాతానికి, మిగతావారిలో 6.2 శాతానికి వచ్చాయి. గుండె ఆగి, స్పృహ రాని రోగులను ఇందులో చేర్చుకోలేదు. కాబట్టి షాక్‌లో ఉన్న ప్రతి ఒక్కరికీ ఇదే మందని చెప్పలేం. అదే ఏడాది అమెరికా నియంత్రణ సంస్థ, ఈ పంపు గుండె గోడకు రంధ్రం చేసిన ఘటనల మీద హెచ్చరిక ఇచ్చి, వాడే సూచనలను సవరింపజేసింది.

మన దగ్గర ఇది లక్షల ఖర్చు, అదీ ఒక్కసారి వాడి పారేసేది. రక్తనాళంలో పెట్టే పరికరాన్ని చవగ్గా చేసిన చరిత్ర హైదరాబాద్‌కు ఉంది. 1990లలో డాక్టర్ బి. సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి క్షిపణుల కోసం పెరిగిన లోహ విద్యను స్టెంటుకు మళ్లించారు. అదే కలాం–రాజు స్టెంట్. 2017లో కేంద్రం స్టెంట్ల ధరకు పరిమితి కూడా పెట్టింది. అయితే స్టెంటు కదలదు. తిరిగే యంత్రానికి మోటరు, బేరింగు, ద్రవం ధార, బయట పర్యవేక్షించే పెట్టె అన్నీ కావాలి. ఒక్కదాని ధర తగ్గిస్తే సరిపోదు.

ఇప్పుడు పరిశోధన మడత పంపుల వైపు నడుస్తోంది. 3 మిల్లీమీటర్ల మందంతో దూరి, లోపలికి వెళ్లాక 6 మిల్లీమీటర్లకు విచ్చుకునే రకాన్ని రోగుల్లో పరీక్షిస్తున్నారు. సన్నటి దారి, పెద్ద రెక్క, తక్కువ వేగం మూడూ ఒకేసారి దొరుకుతాయన్నది ఆశ. మెత్తటి రెక్క వేల చుట్లు తిరుగుతూ కూడా ఆకారం తప్పకూడదు, మడతల్లో రక్తం నిలవకూడదు. పని అయ్యాక మళ్లీ ముడుచుకుని, లోపలికి వెళ్లిన ఆ 3 మిల్లీమీటర్ల దారిలోనే బయటికి రావాలి.