రహదారి అంచున వయ్యారిభామ: వాహనాల పొగతో తీవ్రమయ్యే పుప్పొడి అలెర్జీ

శ్రీ సత్యసాయి జిల్లాలోని నల్లమాడ వంటి వర్షాభావ ప్రాంతాలలో వానలు పడిన కొద్ది వారాలకే రహదారి అంచులు, బీడు భూములు వయ్యారిభామ తెల్లని పూలతో నిండిపోతాయి. ఈ కలుపు మొక్కను తాకితే చర్మవ్యాధి వస్తుందని రైతులకు తెలుసు. అయితే దీని పుప్పొడి శ్వాసకోశ అలెర్జీకి కూడా కారణమవుతుంది. 1991లో ప్రచురితమైన బెంగళూరు అధ్యయనంలో ముక్కు అలెర్జీ రోగులలో 34 శాతం మందికి ఈ పుప్పొడి పడదని తేలింది.

పుప్పొడికి వాహనాల పొగ తోడైతే ఈ సమస్య మూడు విధాలుగా తీవ్రమవుతుంది. మొదటిది, పొగలోని నైట్రోజన్ డయాక్సైడ్, ఎండలో దాని నుంచి ఏర్పడే ఓజోన్ పుప్పొడి రేణువుల పైపొరను దెబ్బతీసి, అందులోని మాంసకృత్తుల స్వభావాన్ని మార్చగలవు. రెండవది, ఈ వాయువులు ముక్కు, శ్వాసనాళాల లోపలి పొరను వాపుకు గురిచేయడం వలన అలెర్జీ కారకాలు సులువుగా లోనికి చొరబడతాయి. మూడవది, డీజిల్ మసి కణాలు అలెర్జీకి మూలమైన ఇమ్యునోగ్లోబ్యులిన్-ఇ ప్రతిరక్షకాల ఉత్పత్తిని ప్రేరేపిస్తాయి.

వయ్యారిభామ కుటుంబానికే చెందిన రాగ్‌వీడ్ అనే కలుపుపై 1997లో అమెరికాలో వెలువడిన పరిశోధన ఇందుకు నిదర్శనం. రాగ్‌వీడ్ అలెర్జీ ఉన్నవారి ముక్కులో దాని సారాన్ని మాత్రమే ఇచ్చినప్పటి కంటే, డీజిల్ కణాలతో కలిపి ఇచ్చినప్పుడు ఆ కలుపుకు సంబంధించిన ప్రతిరక్షకాలు గణనీయంగా పెరిగాయి. జపాన్‌లోని నిక్కో ప్రాంతంలో 1987 నాటి సర్వే కూడా ఇటువంటి ఫలితాన్నే చూపింది. సుగి వృక్షాల అడవులలో నివసించేవారి కంటే, అవే వృక్షాలున్న రద్దీ రహదారుల వెంట నివసించేవారిలో పుప్పొడి అలెర్జీ అధికంగా కనిపించింది.

దీనిని బట్టి పొలంలోని కలుపుతో పాటు రహదారి అంచున ఉన్న కలుపుపై కూడా విస్తరణ సిబ్బంది దృష్టి సారించవలసి ఉన్నది. పొగ, పుప్పొడి కలిసే చోటు అదే. బస్సు కోసం వేచి ఉండే విద్యార్థులు, ఉపాధి హామీ కూలీలు, రోడ్డుపై పంట నూర్చే రైతులు ఆ గాలినే పీలుస్తారు. కావున వానల తరువాత నేల తడిగా ఉన్నప్పుడే, పూత రాకముందే మొక్కలను వేళ్ళతో సహా పెరికివేయాలి. ఈ పనిలో చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. పంట లేని స్థలాలలో లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేయవచ్చు. పెరికిన మొక్కలను తగులబెట్టరాదు. ఆ పొగ కూడా శ్వాసకోశానికి హానికరమే. పూత రాని మొక్కలను గుంతలో వేసి కంపోస్టుగా మార్చుకోవచ్చు.