ఆయనకు నూటికి 35... మరి ఆమెకు?

పక్షవాతం వచ్చిన మనిషిని ఇంటికి పంపేటప్పుడు ఆస్పత్రివాళ్లు చేతిలో పెట్టే డిశ్చార్జి సమ్మరీ నిండా అంకెలే. బీపీ, షుగర్, స్కాన్ కొలతలు, మాత్రల మిల్లీగ్రాములు. ఆ ఫైలు పట్టుకుని మంచం పక్కన నిలబడ్డ భార్య గురించి మాత్రం అందులో ఒక్క అంకె ఉండదు. ఆమె వయసెంత, బీపీ ఎంత, నడుంనొప్పి ఉందా, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోగలదు? ఎవరూ అడగరు, ఎవరూ రాయరు. మర్నాటి నుంచి తినిపించడం, తిప్పడం, మాత్రలు వేయడం, బాత్‌రూమ్‌కి తీసుకెళ్లడం అంతా ఆమె చేతుల మీదే నడవాలి. కొన్ని ఇళ్లలో ఆ చేతులు భర్తవి.

స్ట్రోక్ తర్వాత కోలుకోవడాన్ని లెక్కగట్టాలంటే ఇంట్లో ఇద్దరినీ లెక్కలోకి తీసుకోవాలి. చూసుకునే మనిషి ఆరోగ్యం కూడా వైద్యంలో భాగమే. ఆ లెక్కలేమిటో ఒక్కొక్కటిగా చూద్దాం.

నలుగురిలో ఒకరు

ప్రపంచవ్యాప్త అంచనాల ప్రకారం 25 ఏళ్లు దాటిన ప్రతి నలుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు స్ట్రోక్ వచ్చే ముప్పుంది. మన దేశంలో ఏటా కొత్తగా 12 లక్షల మందికి పైగా దీని బారిన పడుతున్నారని అంచనా. బతికి బయటపడినవాళ్లలో చాలామందికి ఎవరో ఒకరి ఆసరా కావాలి.

ఆ ఆసరా ఎవరి భుజాల మీద పడుతోంది? 2024లో కేంద్రం చేయించిన టైమ్ యూజ్ సర్వేలో 15–59 ఏళ్ల మహిళల్లో 41 శాతం మంది ఇంట్లోవాళ్ల సంరక్షణ పనులు చేస్తున్నట్టు తేలింది. మగవాళ్లలో అది 21.4 శాతమే. ఆ పని చేసేవాళ్లలోనూ మహిళలు రోజుకు సుమారు 140 నిమిషాలు, మగవాళ్లు 74 నిమిషాలు వెచ్చిస్తున్నారు. పిల్లల పెంపకం కూడా కలిసిన లెక్క ఇది. మంచం పట్టిన మనిషి ఉన్న ఇంట్లో 140 నిమిషాలు పొద్దున ఎనిమిదింటికే అయిపోతాయి.

100 మార్కులు, 10 పనులు

స్ట్రోక్ రోగి సొంతంగా ఎంత చేసుకోగలడో కొలవడానికి ఫిజియోథెరపిస్టులు వాడే పద్ధతుల్లో బాగా పేరున్నది బార్తెల్ ఇండెక్స్. 1965లో వెలువడింది. మొత్తం 10 పనులు, 100 మార్కులు. తినడానికి 10, స్నానానికి 5, తల దువ్వుకుని మొహం కడుక్కోవడానికి 5, బట్టలు వేసుకోవడానికి 10, మల నియంత్రణకు 10, మూత్ర నియంత్రణకు 10, టాయిలెట్ వాడకానికి 10, మంచం నుంచి కుర్చీలోకి మారడానికి 15, నడకకు 15, మెట్లెక్కడానికి 10.

62 ఏళ్ల మనిషికి కుడి చెయ్యి, కాలు పడిపోయాయనుకుందాం. డిశ్చార్జి నాటికి కలిపిపెడితే ఎడమ చేత్తో తింటాడు (5). బట్టలు సగం సాయంతో (5). మలం మీద అదుపుంది (10). మూత్రం అప్పుడప్పుడు తెలియకుండా పోతుంది (5). టాయిలెట్‌లో సాయం కావాలి (5). కూర్చోగలడు కానీ కుర్చీలోకి మార్చాలంటే బాగా బలంగా పట్టుకోవాలి (5). స్నానం, మొహం కడుక్కోవడం, నడక, మెట్లు సున్నా. మొత్తం 35.

మూడు నెలలకు అదే మనిషి తనే తింటున్నాడు, మూత్రం అదుపులోకి వచ్చింది, మొహం తనే కడుక్కుంటున్నాడు, కాస్త చెయ్యి ఆనిస్తే కుర్చీలోకి మారుతున్నాడు, ఒకరు పట్టుకుంటే నడుస్తున్నాడు. ఇప్పుడు 65. కాగితం మీద పెరిగినవి 30 మార్కులు. అందులో ఆమెకు ఊపిరి తిప్పుకోనిచ్చినవి మాత్రం పదే. మూత్రం అదుపులోకి రావడానికి 5, కుర్చీలోకి మారడానికి 5. మొదటి అయిదుతో రోజూ ఉతకాల్సిన దుప్పట్లు తగ్గాయి. రెండో అయిదుతో ఎదురింటి కుర్రాణ్ణి సాయానికి పిలవాల్సిన పని తప్పింది.

ఇంట్లోవాళ్లందరూ డాక్టర్ని అడిగేది ఒకటే ప్రశ్న: ‘ఎప్పటికి నడుస్తాడండీ?’ న్యాయమైన ప్రశ్నే. దాంతోపాటు ఇంకోటి కూడా అడగాలి: ‘తనంతట తను కుర్చీలోకి మారేదెప్పుడు, టాయిలెట్‌కి వెళ్లేదెప్పుడు?’ ఈ రెండూ సాధ్యమైతే ఆమె రెండు గంటలు బయటికి వెళ్లి రాగలదు. ఫిజియోథెరపిస్టుతో కలిసి లక్ష్యాలు పెట్టుకునేటప్పుడు ముందు వరసలో ఉండాల్సినవి ఇవే.

168లో 3 గంటల 45 నిమిషాలు

డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్‌లో దాదాపు 1,200 మంది రోగులను గమనించిన అధ్యయనంలో 95 శాతం మంది రోజువారీ పనుల్లో తాము చేరగల స్థాయికి సుమారు 13 వారాల్లోనే చేరుకున్నారు. 13 వారాల తర్వాత ఇక ఏమీ రాదని కాదు. మాట, చేతి పనితనం నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి మెరుగవుతూనే ఉంటాయి. అయితే శరీరం వేగంగా స్పందించే కాలం తొలి మూడు నెలలు. చెట్ల మందు కోసం, పావురం రక్తం రుద్దడం కోసం ఊళ్లు తిరుగుతూ పోగొట్టుకునేది సరిగ్గా ఆ మూడు నెలలనే.

బ్రిటన్‌లో 2023లో వచ్చిన వైద్య మార్గదర్శకాలు స్ట్రోక్ రోగికి వారానికి కనీసం 5 రోజులు, రోజుకు కనీసం 3 గంటల పునరావాస చికిత్స అందాలంటున్నాయి. మన దగ్గర ఫిజియోథెరపిస్టు ఇంటికి వచ్చి 45 నిమిషాల చొప్పున వారానికి 5 రోజులు చేయించినా 3 గంటల 45 నిమిషాలే. వారంలో ఉన్నవి 168 గంటలు. మిగిలిన 164 గంటల పైచిలుకు ఇంట్లోవాళ్లదే.

అలాగని భార్యే థెరపిస్టు కావాలా? ఈ ప్రశ్నకు మన దేశంలోనే జవాబు దొరికింది. 14 ఆస్పత్రుల్లో 1,250 మంది రోగులతో అటెండ్ అనే అధ్యయనం జరిగింది. సగం మంది కుటుంబసభ్యులకు శిక్షణ ఇచ్చి ఇంటి దగ్గర వాళ్ల చేతే పునరావాస చికిత్స చేయించారు. మిగతా సగానికి మామూలు వైద్యమే. 2017లో లాన్సెట్ ప్రచురించిన ఫలితం: ఆరు నెలలకు మరణించినవాళ్లు, ఇతరుల మీద ఆధారపడి ఉన్నవాళ్లు కలిపి రెండు వర్గాల్లోనూ 47 శాతం.

‘నేను ఇంకా గట్టిగా చేయించి ఉంటే లేచి తిరిగేవాడేమో’ అని కుమిలిపోయే ప్రతి భార్యకూ, భర్తకూ ఈ అంకె తెలియాలి. లోపం మీ ప్రేమలో లేదు. చదువుకున్న థెరపిస్టు చేసే పనిని ఇంటి మనిషి మీద పెట్టి చేతులు దులుపుకోవడం కుదరదని ఆ అధ్యయనం చెబుతోంది. మీ వంతు పని వేరు: మనిషిని భద్రంగా చూసుకోవడం, మళ్లీ స్ట్రోక్ రాకుండా చూడటం, మీరు నిలబడి ఉండటం.

రెండు గంటలకోసారి

కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పమంటారు. అంటే రోజుకు 12 సార్లు. రాత్రి పదింటికి తిప్పి పడుకుంటే 12కు, 2కు, 4కు లేవాలి. అలా నెల రోజులు లేచిన మనిషి తర్వాత పగలు మాత్రలు తారుమారు చేసిందంటే ఆశ్చర్యం లేదు. గాలి పరుపు వేస్తే, చర్మం బాగుంటే, రాత్రిపూట ఈ వ్యవధిని నాలుగు గంటలకు పెంచవచ్చేమో డాక్టర్నీ నర్సునీ అడగండి. సరేనంటే రాత్రి 10, 2, 6. మధ్యలో లేవాల్సింది ఒక్కసారే. గాలి పరుపు ఉంటే అసలు తిప్పక్కర్లేదనుకోవద్దు.

తిప్పినప్పుడల్లా నడుం కింది ఎముక, తుంటి, మడమలు చూడాలి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదలండి. ఎరుపు పాలిపోకుండా అలాగే ఉంటే పుండు మొదలవుతున్నట్టే. చామనచాయ చర్మం మీద ఎరుపు సరిగా కనపడదు. ఆ చోటు వేడిగానో గట్టిగానో తగులుతుంది.

కుర్చీలోకి మార్చేటప్పుడు పడిపోయిన చేతిని పట్టుకుని లాగకూడదు. చంకల కింద చేతులు పెట్టి ఎత్తకూడదు. కండరాల పట్టు లేని భుజం కీలు జారి, నెలల తరబడి నొప్పి వేధిస్తుంది. కుర్చీని బాగున్న వైపు మంచానికి ఆనించి వేయాలి. రోగి రెండు పాదాలూ నేలకు ఆనాలి. నడుముకు వెడల్పాటి బెల్టు కట్టి, దాన్ని పట్టుకుని, ముందుకు వంగమని చెప్పి, ‘ఒకటి, రెండు, మూడు’ అని ఇద్దరూ ఒకేసారి లేవాలి. డిశ్చార్జికి ముందే వార్డులో ఫిజియో ఎదుట మీరు ఈ పని రెండు మూడుసార్లు చేసి చూపించండి. లేపడం చేతకాక నడుం పట్టేసిందంటే ఇంట్లో మంచాలు రెండవుతాయి.

తిండి విషయంలోనూ అంతే జాగ్రత్త. స్ట్రోక్ వచ్చిన తొలిరోజుల్లో దాదాపు సగం మందికి మింగడం కష్టమవుతుంది. జావ కంటే నీళ్లు, మజ్జిగ లాంటి పల్చటివే త్వరగా పొలమారతాయి. కొందరికి దగ్గు కూడా రాకుండానే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. తిన్నాక గొంతు తడిగా గరగరలాడితే అనుమానించాలి. పడుకోబెట్టి ఎప్పుడూ తినిపించవద్దు. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో, ఒక ముద్ద మింగాకే రెండోది. తిన్నాక అరగంట అలాగే కూర్చోనివ్వాలి.

ముగ్గురిలో ఒకరు

మెదడు కుడివైపు దెబ్బతిన్న కొందరికి ఎడమవైపు ప్రపంచం లెక్కలోకి రాదు. కంచంలో కుడివైపు అన్నం ఖాళీ చేస్తారు, ఎడమవైపు కూర అలాగే ఉంటుంది. ‘వండింది నచ్చలేదు కాబోలు’ అని భార్య నొచ్చుకుంటుంది. కంచం అటుది ఇటు తిప్పి పెడితే అదీ తినేస్తారు. అది మొండితనం కాదు, జబ్బు లక్షణం.

సుమారు ముగ్గురిలో ఒకరికి మాట దెబ్బతింటుంది. తెలివి పోయినట్టు కాదు, మాట దారి మూసుకుపోయినట్టు. ‘ఏం కావాలి?’ అనకుండా ‘మంచినీళ్లు కావాలా?’ అని అడిగి, అవునో కాదో తల ఊపనివ్వండి. సుమారు ముగ్గురిలో ఒకరిని డిప్రెషన్ కూడా పట్టుకుంటుంది. వ్యాయామం వద్దనడం, అన్నం తోసేయడం, కారణం లేకుండా ఏడవడం బద్ధకమనుకుని కసురుకుంటాం. దానికి మందులున్నాయి. డాక్టర్‌కి చెప్పాలి.

130/80, నాలుగున్నర గంటలు

స్ట్రోక్ వచ్చినవాళ్లలో సుమారు నలుగురిలో ఒకరికి అయిదేళ్లలోపు మళ్లీ వస్తుంది. దాన్ని ఆపడంలో ఇంట్లోవాళ్లు చేయగల అతిపెద్ద పని బీపీ అదుపు. పై అంకె 10 తగ్గితే స్ట్రోక్ ముప్పు దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. చాలామందికి డాక్టర్లు పెట్టే లక్ష్యం 130/80 లోపు. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చెంచా లోపే ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఆవకాయ, అప్పడాల ఉప్పు కూడా ఆ చెంచాలోదే. బాగున్నాడు కదా అని మాత్రలు మాత్రం సొంతంగా ఆపొద్దు.

మళ్లీ మూతి వంకరపోయినా, చెయ్యి జారిపోయినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి. చివరిసారి మామూలుగా ఉన్న సమయం రాసిపెట్టుకోండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు గడువు అక్కణ్నుంచి నాలుగున్నర గంటలు. పెద్ద రక్తనాళం మూసుకుంటే నిమిషానికి సగటున 19 లక్షల మెదడు కణాలు చనిపోతాయి.

ఇప్పుడు ఆమె మార్కులు: 13 ప్రశ్నలు

చూసుకునేవాళ్ల కోసం కూడా ఒక కొలత ఉంది. 1983 నుంచి వాడుకలో ఉన్న ఈ పద్ధతిలో అవును, కాదు అని చెప్పే 13 ప్రశ్నలుంటాయి. నిద్ర చెడుతోందా? ఒంటికి శ్రమ ఎక్కువైందా? ఎక్కడికీ కదల్లేకపోతున్నారా? డబ్బుకు ఇబ్బందిగా ఉందా? మనిషి ఇంతగా మారిపోవడం చూసి మనసు విరిగిపోతోందా? ఇక నావల్ల కాదనిపిస్తోందా? ఇలాంటివి. ఏడు లేదా అంతకు మించి ‘అవును’ అంటే భారం హద్దు దాటినట్టు.

హద్దు దాటితే ఏమవుతుంది? జీవిత భాగస్వామిని చూసుకుంటున్న వృద్ధులను అమెరికాలో నాలుగేళ్లు గమనించారు. 1999లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, ఆ పనిలో నలిగిపోతున్నామన్న వాళ్లలో మరణ ముప్పు అలాంటి బాధ్యత లేనివాళ్ల కంటే 63 శాతం ఎక్కువ. చూసుకుంటున్నా నలిగిపోవడం లేదన్నవాళ్లలో చెప్పుకోదగ్గ పెరుగుదల కనిపించలేదు. మనిషిని కుంగదీసేది సేవ చేయడం కాదు, అందులో నలిగిపోవడం. అందుకే ఫాలో–అప్‌కి వెళ్లిన రోజు ఇద్దరి బీపీ, షుగర్ చూపించుకోండి. మనసు బరువెక్కితే టెలీ మానస్ 14416కి తెలుగులోనే మాట్లాడవచ్చు. పెద్దవాళ్లకు ఎల్డర్ లైన్ 14567 ఉంది.

40 శాతం, రూ.15,000, రూ.4,016

వైకల్యం 40 శాతం లేదా అంతకు మించి ఉన్నట్టు ప్రభుత్వ ధ్రువపత్రం తీసుకుంటే పింఛనుకు దారి దొరుకుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు నెలకు రూ.15,000, ఇతర దివ్యాంగులకు రూ.6,000 పింఛను నిర్ణయించారు. తెలంగాణలో దివ్యాంగుల పింఛను రూ.4,016. ఇవన్నీ రోగి పేరు మీదివి. కేరళలో ఆశ్వాసకిరణం పథకం మంచం పట్టినవాళ్లను చూసుకునే మనిషికే నెలకు రూ.600 ఇస్తుంది. మొత్తం చిన్నదే అయినా, ఆ మనిషిది కూడా పనేనని ఒక ప్రభుత్వం ఒప్పుకుంది. మన రెండు రాష్ట్రాలూ అంతకంటే మెరుగ్గా ఒప్పుకోవాలి.

చుట్టాలు ఇవ్వగల 6 గంటలు

ప్రభుత్వాలు కదిలేదాకా ఆగక్కర్లేని పని ఒకటుంది. పలకరించడానికి వచ్చేవాళ్లు ‘ఎలా ఉన్నాడు?’ అని అడిగి, బత్తాయిల సంచి పెట్టి, కాఫీ తాగి వెళ్తారు. ఆ కాఫీ పెట్టేది కూడా ఆమే. దానికి బదులు, ‘ప్రతి ఆదివారం తొమ్మిది నుంచి పదకొండు దాకా బావ దగ్గర నేను కూర్చుంటానక్కా, నువ్వు వెళ్లి పడుకో’ అనండి. రోజూ, వేళా చెప్పి ఇచ్చిన మాటే ఆమెకు పనికొస్తుంది. ‘ఏమైనా కావాలంటే అడుగు’ అంటే ఆమె ఎప్పటికీ అడగదు. తిప్పడం, లేపడం, తినిపించడం ఒక గంటలో ఆమె దగ్గరే నేర్చుకోండి. అలాంటివాళ్లు ముగ్గురుంటే వారానికి ఆరు గంటలు. రెండు మధ్యాహ్నాలు కంటినిండా నిద్ర, మోకాలి నొప్పికి డాక్టర్ దగ్గరికి ఒక ప్రయాణం. ఎవరూ మందుల చీటీలో రాయకపోయినా, ఆ ఇంటికి కావాల్సిన వైద్యంలో ఇదీ ఒకటి.