పాలపొడిలోని పసికందుల శత్రువు

గ్రామపెద్దలారా! తన బిడ్డలనే మ్రింగిన క్రోనసను దేవుని కథ యవనపురాణములయందుఁ గలదు. ఆ పేరిటనే శాస్త్రజ్ఞులు 2007లో నొక సూక్ష్మజీవిజాతిని క్రోనోబాక్టరనిరి. అందు సకజాకీ యనునది ఎండిన పాలపొడిలో నెలలకొలఁది చావక పడియుండి, గోరువెచ్చని నీరు తగిలినపిదప వృద్ధినొందును.

2001లో అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రమున, ఆసుపత్రిలో నట్టి పొడిపాలు త్రాగిన నెలలు నిండని శిశువొకఁడు మెదడుపొరల వాపుచే మరణించెను. తెఱవని డబ్బాలలోను ఆ జీవి కనఁబడెను. కావున మూఁత బిగువును జూచి నమ్మరాదు.

తల్లిపాలు లభింపనిచో, నీరు మరఁగించి దించిన యరగంటలోపల, 70 డిగ్రీల వేఁడిమి తగ్గకముందే పొడి కలిపి, వెంటనే చల్లార్చి పట్టవలెను. రెండు గంటలు నిలిచినపాలు పాఱఁబోయవలెను. ఈ మాట మీ యింటి కోడండ్రకును గూఁతులకును నేఁడే చెప్పుఁడు.