యంత్రం వేసే తాళంలో మనిషి వాయిద్యం

తప్పెటగుళ్ళ ఆట చూశారా? మన ఉత్తరాంధ్ర కళాకారులు రొమ్ముకు కట్టుకున్న రేకు తప్పెట వాయిస్తూ, పాడుతూ, గెంతుతూ ఆడతారు. వేగం పెరిగితే ఒకరినొకరు చూసుకుని అందరూ సర్దుకుంటారు. మరి ఆ బృందంలో ఒకరు మనిషి కాక యంత్రమైతే?

డ్యాన్సు సంగీతంలో 'దబ్ దబ్' మనే దెబ్బను సాధారణంగా ఎలక్ట్రానిక్ యంత్రమే వేస్తుంది. నిమిషానికి 120 దెబ్బలంటే అర సెకనుకు ఒకటి. ఈ లెక్క తప్పకుండా చూసేది లోపలి క్వార్ట్జ్ స్ఫటికం, మన చేతి గడియారంలో లాగే. దానికి అలసట లేదు. తోటివాడి కోసం ఆగడమూ తెలియదు. కల్పనస్వరం పాడే విద్వాంసుడి మనోధర్మం ఆదితాళం 8 అక్షరాల్లో ఇమిడినట్లే, అప్పటికప్పుడు కల్పించి వాయించేవారు ఈ యంత్రం లెక్కలో ఇమడాలి. అలా కల్పించి వాయించడాన్ని పాశ్చాత్యులు 'జామ్' అంటారు. జామ్‌నూ, ఎలక్ట్రానిక్ డ్యాన్సు సంగీతాన్నీ కలిపిన బాణీకి 'లైవ్‌ట్రానికా' అని పేరు. అమెరికాలోని సౌండ్ ట్రైబ్ సెక్టర్ 9 బృందం వేదిక మీద డ్రమ్ముల పక్కన కంప్యూటర్లనూ పెట్టుకుంటుంది.

ఇందులో చిక్కు ఎక్కడుందో లెక్క వేసి చూద్దాం. వాద్యకారుడు 16 దెబ్బల ముక్క వాయిస్తాడు. 'లూపర్' అనే పరికరం దాన్ని రికార్డు చేసి, మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది. ముక్క నిడివి 8 సెకన్లు ఉండాలి. నూటికి ఒక వంతు తగ్గిందనుకోండి: తేడా 0.08 సెకను. ఒకసారికి ఎవరికీ పట్టదు. కాని ఆరుసార్లు తిరిగేసరికి 0.48 సెకను, అంటే దాదాపు ఒక దెబ్బ ముందుకు జరిగిపోతుంది! నాట్యం చేసేవారి కాళ్ళు తడబడక ఏం చేస్తాయి?

పైగా ధ్వనికీ ప్రయాణకాలం ఉంది. మన వేడి గాలిలో దాని వేగం సెకనుకు సుమారు 350 మీటర్లు. స్పీకరు 7 మీటర్ల దూరంలో ఉంటే శబ్దం చెవిని చేరడానికి సెకనులో 50వ వంతు పడుతుంది. అందుకే డ్రమ్ములు వాయించేవారు చాలామంది చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని, అందులో యంత్రం తాళం వింటారు.

కెనడాలోని టొరంటోలో 1998 ప్రాంతంలో పుట్టిన 'ది న్యూ డీల్' ముగ్గురి బృందం. కీబోర్డు, బేస్ గిటారు, డ్రమ్ములు, అంతే. యంత్రం వేసినట్లుండే దెబ్బను డ్రమ్మరే చేతులతో, కాళ్ళతో వేస్తాడు! నాకు ఇదే ఎక్కువ ముచ్చటగా తోస్తుంది. మనవాళ్ళలో చూస్తే, 1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ 1995లో మైఖేల్ బ్రూక్‌తో కలిసి 'డ్రీమ్' అనే ఆల్బం చేశారు. అది డ్యాన్సు సంగీతం కాదుగాని, కర్ణాటక మనోధర్మం ఎలక్ట్రానిక్ ధ్వనులతో చేయి కలిపింది.

రుషికొండ తీరానికి వెళ్ళినప్పుడు ఈ ప్రయోగం చేయండి. నీళ్ళకు దూరంగా, ఇసుక మీదే సుమా. అక్కడి అలలను నమ్మరాదు. ఒక మిత్రుడు సెకనుకు రెండుసార్లు డప్పు మీద కొట్టాలి. మీరు అతని చేతిని చూస్తూ దూరం జరగండి. సుమారు 87 మీటర్ల దగ్గర, చెయ్యి పైకి లేచినప్పుడు శబ్దం వినిపిస్తుంది. ఇంకా వెళ్ళండి. దెబ్బా, శబ్దమూ మళ్ళీ కలిసిన చోట ఆగి, దూరాన్ని టేపుతో కొలవండి. ఆ దూరం దాటడానికి శబ్దానికి సరిగ్గా అర సెకను పట్టింది కనుక, దాన్ని రెట్టింపు చేస్తే ధ్వని వేగం వస్తుంది.